అన్ని దేశాలూ బోర్లా పడుకోమన్నాయి

పళ్ళికొండలో పాముపడక మీద పవళించి, నిద్రపోతున్నట్టే ఉంటూ లోకాన్ని చూసుకునే రంగనాథునికి ముందుగా నా దండం. నాకు ఊపిరి ఇచ్చినవాడు ఆయన. దాన్ని కొన్నాళ్ళు బిగబట్టి చూసినవాడు ఆయన. మళ్ళీ వదిలినవాడూ ఆయనే. ఆయన పక్కనున్న తల్లి రంగనాయకికి ఇంకో దండం. ఆమె మన తరఫున ఒక మాట చెబితే తప్ప ఆయన దగ్గర మన మాట చెల్లదని మా గోష్ఠిలో పెద్దలు నేర్పారు. నా విషయంలో ఆ తల్లి గట్టిగానే చెప్పి ఉంటుంది.

నా పేరు అలమేలు. మాది గుడియాత్తం, ఆంధ్రా అంచున ఉన్న తమిళనాడు ఊరు. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం. మా వాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు. నాకు అక్షరాలు వచ్చింది గోష్ఠి పుణ్యమే. ప్రతి శనివారం గోదమ్మ అవ్వ ఇంటి వసారాలో ఆడవాళ్ళం కూర్చుని పారాయణం చేస్తాం. ఎనభై దాటిన ఆమె మాకు శాస్త్రం చెబుతుంది, తప్పు చదివితే తిడుతుంది కూడా. కరోనా వచ్చాక ఆ గోష్ఠి ఫోనులోకి మారింది.

రెండో అల మా ఊరిని ముంచిన వేసవిలో ఒక శనివారం నాకు ఏదో తేడాగా అనిపించింది. అయితే తేడా నాలో ఉందని అనుకోలేదు, కర్పూరంలో ఉందని అనుకున్నాను.

తీర్థంలోకి పచ్చకర్పూరం, తులసి, ఏలకులు నేనే నూరి వేస్తాను. ఆ రోజు స్వామికి చూపించి ఉద్ధరిణెతో నోట్లో పోసుకుంటే ఉత్త నీళ్ళు. కర్పూరం ఇంకొంచెం నలిపి వేశాను. మళ్ళీ ఉత్త నీళ్ళే. మా ఆయన తన వంతు తీర్థం తాగి తల తుడుచుకున్నాడు.

"కర్పూరం వాసన వచ్చిందా మీకు?" అన్నాను.

"బాగా వచ్చిందే. ఈరోజు కొంచెం జాస్తిగానే ఏసినావు."

ఆయనకు కాఫీ వాసన తప్ప ఇంకో వాసన తెలియదని నా నమ్మకం. అందుకని ఆ మాట లెక్కలోకి తీసుకోలేదు. బజారుకు బయలుదేరాను.

నాటుమందుల అంగడి చెట్టియార్ దగ్గర మేము చాలా ఏళ్ళుగా కొంటున్నాం. ఆయన మాతో తెలుగు మాట్లాడతాడు, మధ్యలో తమిళం కలిపేస్తాడు.

"ఏం చెట్టియారే, దేవుడి సొత్తులో కూడా కల్తీనా? మైనం ముక్క ఇచ్చినావా కర్పూరమని?"

"అయ్యయ్యో, పొద్దున్నే ఏందమ్మా ఈ సండ, ఈ తగువు!" అంటూ ఆయన సీసా మూత తీశాడు. మాస్కు కొంచెం దించి వాసన చూసి తల వెనక్కి లాక్కున్నాడు. "ఇదో, నా ముక్కు మండిపోతా ఉండాది. నీకు రాలేదా?"

"మీ అంగట్లో ఏదైనా మీ ముక్కుకు మండుతుంది."

"సరేమ్మా, కల్తీ అయితే దుడ్లు వాపసు. ఒక పని చెయ్యి. ఇంటికి పోయి ఇంకో మనిషి ముక్కు కాడ పెట్టు. పక్కింటోళ్ళని అడుగు. నీ ముక్కు ఒక్కటే జడ్జి కాదు గదా."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. దొంగతనం బయటపడితే ఎవరైనా ఇలాగే తప్పించుకుంటారనుకుని వచ్చేశాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా ఇల్లు పేర్ణాంబట్టుకు పోయే దారిలో ఉంది. దగ్గరలోనే పచ్చి తోళ్ళు నిల్వచేసే షెడ్డు ఒకటి ఉంది. గాలి అటు నుంచి తిరిగితే మా ఇంట్లో అన్నం ముందు కూర్చోలేం. ఆ రెండు మూడు రోజులుగా ఆ కంపు లేదు. లాక్‌డౌన్‌లో షెడ్డు మూసేశారేమో, స్వామి దయ అని నేను చేతులెత్తి మొక్కాను కూడా. షెడ్డు తెరిచే ఉందని తర్వాత తెలిసింది. వాసన పోయింది గాలిలో కాదు, నా ముక్కులో.

మరుసటి రోజుకు ఒళ్ళు కాలింది. నడుము, పిక్కలు ఎవరో గుంజినట్టు నొప్పి. మున్సిపాలిటీ వాళ్ళు జ్వరం చూసే తుపాకీ పట్టుకుని వీధిలో తిరుగుతున్నారు. నేను గేటు లోపలి నుంచే "అందరం బాగుండాం నాయనా" అని చెప్పి పంపేశాను. అంతకుముందు ఏడాది మా వీధి చివర ఒక ఇంటికి అడ్డంగా తగరం రేకులు కొట్టారు. పాలవాడు కూడా ఆ ఇంటి వైపు తిరిగేవాడు కాదు. టెస్టు చేయించుకుంటే రేకులు వస్తాయి, రేకులు వస్తే వ్యాను వస్తుంది, వ్యానులో పోయినవాళ్ళ సంగతి ఎవరికి తెలుసు? ఈ రోగం సంగతిలో నా అనుమానాల్లో మొదటిది అదే.

నా తమ్ముడు మురళి సింగపూరులో ఓడల యార్డులో పని చేస్తున్నాడు. మా అక్క కూతురు సుగుణ ఇంగ్లాండులో నర్సు. మా ఆడబిడ్డ చిత్తూరులో ఉంటుంది. ముగ్గురికీ ఫోను చేశాను. అత్తారింట్లో ఉన్న నా కూతురికి మాత్రం, కంగారు పడుతుందని చెప్పలేదు.

"అక్కా, ఈడ ముక్కులో పుల్ల పెట్టకుండా ఒక్కణ్ణి వదల్లేదు," అన్నాడు మురళి. "జొరం ఉండాదా అని అడగను కూడా అడగరు. మా హాస్టల్ మొత్తం వరసలో నిలబెట్టి పుల్ల పెట్టినారు. ఉండాదంటే ఏరే చోట పెట్టి అన్నం పెడతారు, మందు మాత్రం పెద్దగా ఉండదు."

సుగుణ ఇంకోలా చెప్పింది. "ఇక్కడ కిట్ పోస్టులో ఇంటికే వస్తాది పిన్నమ్మా. మనమే ముక్కులో తిప్పుకోవాల. పాజిటివ్ అయితే ఇంట్లోనే ఉండమంటారు. ఆయాసం వస్తే ఫోను చెయ్యాల. మందు పారాసిటమాల్, నీళ్ళు. అంతే."

"అంతేనా? అంత పెద్ద దేశంలో?"

"అంతే పిన్నమ్మా."

చిత్తూరులో మా ఆడబిడ్డకు ఒక మనిషి ఇంటికే వచ్చి మాత్రల సంచి ఇచ్చి పోయాడట. అందులో రంగు రంగుల మాత్రలు. మాకు గుడియాత్తంలో వీధి మొదట్లో పెద్ద డేక్సా పెట్టి కబసురమనే సిద్ధ మూలికల కషాయం గ్లాసుల్లో పోసేవాళ్ళు. చిత్తూరుకూ మాకూ మధ్య ఒక్క చెక్‌పోస్టు అడ్డం. ఆ గేటుకు ఇటు ఒక మందు, అటు ఒక మందు.

అప్పుడు నాలో అనుమానం ముదిరింది. రోగం ఒకటే అయితే మందు ఇన్ని రకాలెందుకు? స్వామి నామం తెలుగువాడి నోట ఒకలా, తమిళం వాడి నోట ఒకలా పలుకుతుంది, కానీ పిలుపు అందేది ఒకరికే. ఇక్కడేమో రోగం పేరు అందరి నోటా ఒకటే, వైద్యం మాత్రం దేశానికొకటి. ఎవరో ఒకరు అబద్ధం చెబుతూ ఉండాలి. లేదా అందరూ చెబుతూ ఉండాలి.

మా ఆయన బలవంతం మీద క్యాంపుకు పోయి ముక్కులో పుల్ల పెట్టించుకున్నాను. ఆర్‌టీ-పీసీఆర్ నెగటివ్ వచ్చింది. ఆ ఒక్క కాగితాన్ని మాత్రం నేను అనుమానించలేదు. నాకు కావలసిన మాట చెప్పింది గదా.

జ్వరం తగ్గకపోతే ఊళ్ళో ఒక క్లినిక్‌కు పోయాం. డాక్టరు నన్ను దూరం నుంచే చూశాడు.

"నెగటివ్ అయితే ఏమి, లక్షణాలు అవే. వేలూరు పోయి సీటీ స్కాన్ తీసుకొచ్చేయండి. ఈలోగా ఈ మాత్రలు వేసుకోండి."

మాత్రలు దోసిలి నిండా ఉన్నాయి. స్కాన్ అనగానే కమిషన్ అనుకున్నాను. సుగుణకు ఫోను చేసి, "మీ దేశంలో ప్రతి ఒక్కరికీ స్కాన్ తీస్తారా?" అని అడిగాను.

"తీయరు పిన్నమ్మా. కానీ..."

ఆ 'కానీ' నేను వినలేదు. నెగటివ్ వచ్చినా లక్షణాలు ఉంటే విడిగా ఉండాలని, ఆయాసం మీద కన్నేసి ఉంచాలని ఆమె తర్వాత మెసేజ్ కూడా పెట్టింది. ఇంగ్లాండు చెప్పినట్టే ఇంట్లో పడుకున్నాను. మాత్రలు మాత్రం గుడియాత్తం చెప్పినట్టే మింగాను. ఏ దేశం మాట నాకు సులువుగా ఉంటే ఆ దేశాన్ని నమ్మాను.

అలా మరుసటి శనివారం వచ్చింది. ఫోనులో గోష్ఠి మొదలైంది. ఒక్కొక్కరు ఒక్కో భాగం చదవాలి. నా వంతు వచ్చింది. కళ్ళు మూసుకున్నా తప్పు పోని భాగం అది. మొదటి వాక్యం సగంలో ఊపిరి అయిపోయింది. ఆగి అందుకున్నాను. మళ్ళీ సగంలో ఆగింది.

"అలమేలక్కా, సిగ్నలు పోతా ఉండాది, కిటికీ కాడికి రా!" అంది ఒకామె.

"వాళ్ళింట్లో ఎప్పుడూ అంతే, సిగ్నలుకు కూడా పిసినారితనం!" అని ఇంకొకామె నవ్వింది.

నేనూ నవ్వబోయాను. నవ్వు రాలేదు, దగ్గు వచ్చింది. అప్పుడు గోదమ్మ అవ్వ గొంతు వినిపించింది.

"నవ్వులాపండే. అది సిగ్నలు కాదు. దానికి ఊపిరి చాలడం లేదు. ఒరే నాయుడూ, యాడుండావు? దాని పక్కన ఎవురైనా ఉండారా?"

అవ్వ నాయుడూ అని పిలిచేది మా ఆయన్నే. ఆయన పక్కింటి నుంచి వేలికి పెట్టే ఆక్సిమీటర్ తెచ్చాడు. నా వేలికి పెడితే ఎనభై తొమ్మిది చూపించింది.

"చైనా సరుకు. నమ్మొద్దు," అన్నాను.

ఇంకో వేలికి పెట్టాడు. ఎనభై ఎనిమిది.

"బ్యాటరీ అయిపోయి ఉంటుంది."

ఈలోగా మా ఆయన సుగుణకు వీడియో కాల్ చేశాడు, ఆమె ఇదంతా చూస్తోంది. "చిన్నాయనా, అది మీ వేలికి పెట్టుకోండి," అంది.

ఆయన పెట్టుకున్నాడు. తొంభై ఏడు.

"మళ్ళీ పిన్నమ్మకు పెట్టండి."

ఎనభై ఎనిమిది.

"మిషను అబద్ధం చెప్పేదయితే ఇద్దరికీ చెప్పాల గదా పిన్నమ్మా? ఇప్పుడే బయల్దేరండి. నేను ఇంట్లో ఉండమన్నది ఆయాసం లేనంతవరకే. ఇది మా దేశమైనా ఇంతే, ఇప్పుడు అంబులెన్సుకు ఫోను చేస్తాం."

మా ఆయన ముఖం చూశాను. నాకంటే ముందు ఆయనకే ఊపిరి ఆగినట్టుంది.

తెలిసినవాళ్ళ వ్యానులో వేలూరు బయలుదేరాం. హైవే ఎక్కాక పళ్ళికొండ దగ్గర హోటళ్ళన్నీ మూసి ఉన్నాయి. గోపురం కనిపించగానే ఆపమన్నాను. "గుడి మూసుండాది అలమేలూ. ఈడి నుంచే మొక్కుకో, ఆయనకు వినపడతాది," అన్నాడు మా ఆయన. చేతులు జోడించడానికే ఆయాసం వచ్చింది.

వేలూరులో మేము చేరిన ఆసుపత్రిలో బెడ్ కోసం వ్యానులోనే చాలాసేపు కూర్చున్నాం. బెడ్ దొరికాక ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. మళ్ళీ టెస్టు చేస్తే ఈసారి పాజిటివ్. సీటీలో రెండు ఊపిరితిత్తుల్లోనూ న్యుమోనియా ఉందన్నారు. మా ఆయనకు కూడా పాజిటివ్ వచ్చింది గానీ ఆయాసం లేదు, ఇంటికి పంపేశారు. వార్డులో నేను ఒక్కదాన్నే మిగిలాను.

వార్డు డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఆంధ్రా నుంచి వచ్చే రోగులతో మాట్లాడీ మాట్లాడీ నేర్చుకున్న తెలుగు ఆమెది. నా మాత్రల సంచి మంచం మీద కుమ్మరించి ఒక్కొక్కటే చూసింది.

"ఇది స్టెరాయిడ్. ఎప్పటి నుంచి వేసుకుంటున్నారమ్మా?"

"జ్వరం వచ్చిన రెండు రోజులకే ఇచ్చినారు."

"తొందరపడ్డారు. శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్, తగ్గినవాళ్ళకే ఇది మేలు చేస్తుంది. ఇప్పుడు మీకు అవసరం, మేమే ఇస్తాం. ముందే వేస్తే లాభం లేదు, షుగర్ పెరుగుతుంది." ఆ తర్వాత ఐదారు రకాల మాత్రలు పక్కకు తోసేసింది. "ఇవి వద్దు. ఇవీ వద్దు. ఆక్సిజన్, స్టెరాయిడ్, రక్తం గడ్డకట్టకుండా ఒక ఇంజెక్షన్. అంతే."

గుడియాత్తంలో మందులు ఎక్కువైనాయని నేను అనుమానించాను. వేలూరులో తక్కువైనాయని అనుమానించాను. ఇన్ని మందులు తీసేశారంటే నా మీద ఆశ వదిలేశారన్నమాట అనుకున్నాను.

"ఇంగ్లాండులో పారాసిటమాల్ అంటారు. సింగపూరులో ఊరికే కూర్చోబెడతారు. చిత్తూరులో సంచి నిండా ఇస్తారు. మీరేమో ఉన్నవి తీసేస్తారు. ఎవరిని నమ్మాలమ్మా నేను?"

ఆమె పైనుంచి కిందికి ప్లాస్టిక్ దుస్తుల్లో ఉంది. కళ్ళు మాత్రమే నవ్వాయి.

"మంచం మీద నుంచే ప్రపంచమంతా రౌండ్స్ వేసినారే అమ్మా మీరు! నిజం చెప్పనా? మొదట్లో ఎవరికీ తెలియదు. ఎవరి దగ్గర ఏది ఉంటే దాంతో మొదలుపెట్టారు. పని చేయనివి ఒక్కొక్కటే తీసేస్తున్నాం. తీసేయడం కూడా వైద్యమే." లేవబోతూ ఇంకో మాట అంది. "ఇప్పుడు మీరు చేయాల్సింది ఒకటి ఉంది. బోర్లా పడుకోవాలి. వీలైనన్ని గంటలు."

"బోర్లానా?"

"అవును. రొమ్ము కిందికి, వీపు పైకి. ఊపిరితిత్తుల వెనక భాగం తెరుచుకుంటుంది."

నేను పడుకోనని చెప్పేశాను.

దీనికి కారణం ఈ వ్యాసం చదివే ఆడవాళ్ళకు కొందరికైనా అర్థమవుతుంది. సాష్టాంగ నమస్కారం మగవాళ్ళకే. ఆడదాని రొమ్ము, కడుపు నేలకు ఆనకూడదు. బిడ్డను మోసిన చోటు, పాలిచ్చిన చోటు అది. గర్భగుడి ముందు కూడా మేము మోకాళ్ళ మీదే వంగుతాం. చిన్నప్పుడు బోర్లా పడుకుంటే మా అమ్మ వీపు మీద ఒక్కటి వేసి లేపేది. అరవై ఏళ్ళకు దగ్గరపడిన దాన్ని, స్వామి ముందే చేయని పని ఆసుపత్రి మంచం మీద చేస్తానా? పైగా ఇదేం వైద్యం? మందు లేదు, సూది లేదు, తిరగబడి పడుకోవడమా? మందులు అయిపోయినవాళ్ళు చెప్పే మాట అని నాకు తోచింది.

మలయాళం నర్సమ్మ వచ్చి తమిళంలో బతిమాలింది. నేను గోడ వైపు తిరిగాను. శాచురేషన్ మాస్కుతో కూడా తొంభై దాటడం లేదు. ఇలాగే ఉంటే ఐసీయూకు మార్చాలని, అక్కడ బెడ్ ఖాళీ లేదని ఆమె డాక్టరుతో చెప్పడం నాకు వినిపించింది.

అప్పుడు మళ్ళీ నా ముగ్గురు సాక్షులనూ అడిగాను. మాట్లాడలేను, అందుకని మెసేజ్ పెట్టాను: 'మీ దగ్గర బోర్లా పడుకోబెడతారా?'

సుగుణ వాయిస్ మెసేజ్ పంపింది. "ఇంగ్లాండులో రోజంతా మా పని అదే పిన్నమ్మా. తెలివి తప్పిన పేషెంటును నలుగురైదుగురం కలిసి తిప్పుతాం. నువ్వు నీ అంతట తిరగ్గలవు, అదృష్టవంతురాలివి."

మురళి రాశాడు: 'మా రూములో ఉండే బంగ్లాదేశ్ ఆయన్ని ఆసుపత్రిలో బోర్లానే పండబెట్టినారంట అక్కా. బతికి వచ్చినాడు.'

చిత్తూరు నుంచి మా ఆడబిడ్డ: "మా పక్కింటాయన్ని కూడా అట్లే పండుకోమన్నారు వదినా."

మందు దగ్గర కలవని దేశాలు, టెస్టు దగ్గర కలవని దేశాలు, చెక్‌పోస్టుకు అటూ ఇటూ కలవని ఊళ్ళు, ఈ ఒక్కదాని దగ్గర ఒకే మాట చెప్పాయి. మీరు నమ్ముతారో లేదో, నాకు దాని మీద కూడా అనుమానం వచ్చింది. డాక్టరమ్మ మా ఆయనకు చెప్పి, ఆయన వీళ్ళందరికీ ఫోను చేసి, ఇలా చెప్పమని కూడబలుక్కున్నారేమో అని! మా ఆయనకు మెసేజ్ పెట్టాను. ఆయనకు ఏమీ తెలియదు. పాపం, ఆయన అప్పుడు గంజి మాడబెట్టుకుని గిన్నె తోముకుంటున్నాడు.

ఇక మిగిలింది శాస్త్రం ఒక్కటే. శాస్త్రానికి మా ఊళ్ళో కోర్టు గోదమ్మ అవ్వే. మా ఆయన ఆమెకు సంగతి చెప్పాడు. కాసేపటికి అవ్వ ఫోను చేసింది. నర్సమ్మ స్పీకర్ పెట్టింది.

"ఏమ్మే అలమేలూ. బోర్లా పండుకోనని మొండికేసినావంట?"

"అవ్వా... ఆడదాని రొమ్ము... నేలకు..."

"మాట్లాడద్దు, ఊపిరి దాచిపెట్టుకో. నేను అడుగుతా, నువ్వు తలూపు. నీ కూతురు పసిపిల్లప్పుడు మొదటిసారి బోర్లా పడిందా?"

తలూపాను. తర్వాత ఆమెకు కనపడదని గుర్తొచ్చి "ఊఁ" అన్నాను.

"ఆ రోజు మా ఇంటికి ఓళిగలు పంపించినావా లేదా?"

"ఊఁ."

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఓళిగలంటే బొబ్బట్లు. బిడ్డ మొదటిసారి బోర్లా పడిన రోజు మా వైపు బొబ్బట్లు చేసి వీధంతా పంచుతాం.

"ఆడపిల్ల గదా అది? దాని రొమ్ము నేలకు ఆనింది గదా? అప్పుడు యాడికి పోయింది నీ శాస్త్రం? నెయ్యేసుకుని తిన్నాం గదే అందరం! నమస్కారానికి నియమం చెప్పినారు పెద్దోళ్ళు. ఊపిరికి చెప్పలేదు. నిన్నెవురు దండం పెట్టమన్నారు ఆడ? పసిబిడ్డ మాదిరి తిరగబడు. నువ్వు ఇంటికొస్తే ఈసారి ఓళిగలు నేను పంపిస్తా. తిరుగు!"

నర్సమ్మకు తెలుగు రాదు. అవ్వ గొంతులోని ఆజ్ఞ మాత్రం ఆమెకు అర్థమైనట్టుంది. రెండు దిండ్లు తెచ్చింది. ఒకటి రొమ్ము కింద, ఒకటి నడుము కింద పెట్టి నన్ను తిప్పింది. పసిబిడ్డలాగే తల పక్కకు వాల్చి పడుకున్నాను. మొదట ఇంకా ఆయాసం పెరిగింది. చచ్చిపోతాననుకున్నాను. నామం పట్టుకున్నాను. ఒక్కో ఊపిరికి ఒక్కో నామం. కొంచెంసేపటికి రెండు నామాలు పట్టాయి.

మిషనులో అంకె తొంభై ఒకటి అయింది. తర్వాత తొంభై మూడు.

నేను వెంటనే నర్సమ్మను పిలిచి ఆక్సిజన్ వైపు వేలు చూపించాను. నాకు తెలియకుండా ఆక్సిజన్ పెంచి ఉంటుందని అనుమానం! ఆమె నవ్వి గోడ మీది మీటరు దగ్గరకు పోయి ఆక్సిజన్ ఎంత పోతోందో చెప్పే గుండు అందులో ఎక్కడ తేలుతోందో చూపించింది. "నాన్ తొడలే అమ్మా," అంది. నేను ముట్టుకోలేదని. గుండు పొద్దున ఉన్నచోటే ఉంది. అంకె పెంచింది నేనే, బోర్లా పడి. కాదు, నన్ను తిప్పినవాడు.

ఆ తర్వాత అంతా సాఫీగా జరగలేదు. స్టెరాయిడ్‌తో షుగర్ నాలుగు వందలకు పోయింది, ఇన్సులిన్ పొడిచారు. కంటి కింద కొంచెం వాచితే నల్ల ఫంగస్ అనుకుని ఒక రోజంతా ఏడ్చాను. డాక్టరమ్మ టార్చి వేసి చూసి, "ఏడ్చి వాచింది అమ్మా, ఏడుపు ఆపండి తగ్గుతుంది," అంది. ఒకసారి బాత్రూముకు నేనే నడుస్తానని మాస్కు తీసి రెండడుగులు వేశాను. మూడో అడుగు నర్సమ్మ చేతుల్లో. మళ్ళీ బోర్లా, మళ్ళీ నామం. నెమ్మదిగా ఆక్సిజన్ తగ్గించారు, తర్వాత తీసేశారు.

ఇంటికి వచ్చిన రోజు గోదమ్మ అవ్వ మాట నిలబెట్టుకుంది. పక్కింటివాళ్ళు గేటు మీద సంచి తగిలించి పోయారు. అందులో ఆకులో చుట్టిన ఓళిగలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. షుగర్ వల్ల చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. రుచి తెలియలేదు, వాసన తెలియలేదు. మా ఆయన నెయ్యి ఎలా ఉందో, యాలకులు ఎలా ఉన్నాయో పక్కన కూర్చుని చెబుతుంటే నమిలి మింగాను. ఆ రోజు ఆయన మాట మొదటిసారి పూర్తిగా నమ్మాను.

వాసన తిరిగి రావడానికి చాలా నెలలు పట్టింది. వచ్చింది కూడా వంకరగా వచ్చింది. కాఫీ, సాంబారు, మల్లెపూలు, అన్నిటికీ తోళ్ళ షెడ్డు కంపే. కర్పూరం కూడా పచ్చి తోలులా కొట్టేది. ఇది కొందరికి వస్తుందని, ముక్కు మళ్ళీ నేర్చుకోవాలని, రోజూ నాలుగు వాసనలు పీల్చి సాధన చేయమని సుగుణ చెప్పింది. లవంగం, నిమ్మతొక్క, తులసి, పచ్చకర్పూరం పెట్టుకున్నాను. కర్పూరం కోసం చెట్టియార్ అంగడికే పోయాను. స్వామి దయ వల్ల ఆయనకు ఏమీ కాలేదు.

"ఏమ్మా, మైనం ముక్క కావాలా?" అన్నాడు సీసా తీస్తూ.

"కావాలి చెట్టియారే. మంచి మైనంగా చూసి ఇయ్యి."

ఒక రోజు తీర్థం నూరుతుంటే కర్పూరం కర్పూరంలా ముక్కుకు తగిలింది. నమ్మలేక గిన్నె తీసుకుపోయి మా ఆయన ముక్కు దగ్గర పెట్టాను. "వస్తా ఉండాదే," అన్నాడాయన. నాకూ వస్తోందని చెప్పాను.

ఇప్పుడు శనివారాలు మళ్ళీ గోదమ్మ అవ్వ వసారాలోనే. నా భాగం మధ్యలో ఒకచోట ఇంకా ఊపిరి కోసం ఆగుతాను. ఎవరూ సిగ్నలు అనరు, ఆగి నా కోసం చూస్తారు. దేశాల సంగతి నాకు ఈరోజుకీ పూర్తిగా మింగుడుపడలేదు. ఎవరు ఏ మందు ఎందుకు ఇచ్చారో, ఏ కంపెనీ ఎంత అమ్ముకుందో, అవన్నీ స్వామికి తెలుసు. నా అనుమానం పోలేదు. పోవాలని కూడా నేను కోరుకోవడం లేదు. కానీ దానికి ఇప్పుడు ఒక పని అప్పజెప్పాను.

మీకు నేను చెప్పదలచుకున్నది ఆ పనే. మీకు ఏదైనా తేడాగా అనిపిస్తే, అది మీలో ఉందా బయట ఉందా అని ఇంకో మనిషితో సరిచూడండి. వాసన రాకపోతే ఇంకొకరి ముక్కు దగ్గర పెట్టండి. మిషను మీద అనుమానం వస్తే ఆయాసం లేనివారి వేలికి పెట్టి, మళ్ళీ మీ వేలికి పెట్టండి. ఆ తర్వాత వచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా నమ్మి, ఆ గంటలోనే బయలుదేరండి.

ఇంతవరకు చదివినవాళ్ళు ఒక్కసారి ఊపిరి నిండా పీల్చుకోండి. అది ఊరికే వచ్చిందని అనుకోకండి. వదిలేటప్పుడు, ఈ వేళ ఎక్కడో ఒక మంచం మీద బోర్లా పడి ఊపిరి వెతుక్కుంటున్నవారిని తలుచుకుని నాతో కలిసి ఇలా అడగండి: రంగనాథా, నువ్వు పడుకునే ఉండి లోకాన్ని నడుపుతావు. పడుకున్న వాళ్ళను కూడా నడిపించు. వాళ్ళ ఊపిరిని వాళ్ళ దగ్గరే ఉంచు.